కుక్కపిల్లల విరేచన వ్యాధులు : వాని నిర్ణయము

మహాభారతము ఆదిపర్వములో సరమ అను దేవశునకము కథ ఉన్నది. జనమేజయ మహారాజు యాగము చేయుచున్న చోటికి ఆమె బిడ్డ ఆడుకొనుచు వెళ్ళినది. రాజు తమ్ములు ఏ అపరాధమును లేకయే దానిని కొట్టినారు. అది ఏడ్చుచు తల్లి వద్దకు పోగా, సరమ స్వయముగా రాజు ఎదుటికి వచ్చి న్యాయము అడిగినది. ఈ కథలోని నీతిని పెద్దలు పలు విధముల చెప్పుదురు. నాకు మాత్రము అందులో ఒక చిన్న సంగతి ముఖ్యముగా తోచును. నోరు లేని పిల్లకు తల్లి నోరయినది. మన ఇండ్లకు వచ్చు కుక్కపిల్లలు ఆరు వారములకో, ఎనిమిది వారములకో తల్లిని విడిచి వచ్చినవి. వానికి జబ్బు చేసిననాడు, ఎప్పుడు మొదలయినది, ఏమి తిన్నది, ఎన్ని మారులు వాంతి అయినది అని వైద్యుడు అడుగును. బదులు చెప్పవలసినవారము మనమే. ఆ బదులు సరిగా చెప్పగలుగుటకు కొంత తెలిసి ఉండవలెను. ఆ కొంత తెలివిడిని శ్రోతలకు అందించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

నేను పశువైద్యుడను కాను. శాస్త్రజ్ఞులు వ్రాసినదానిని చదివి, సామాన్య గృహస్థునకు అక్కరకు వచ్చు అంశములను ఏరి చెప్పుచున్నాను. చికిత్స చేయవలసినది వైద్యుడే. వైద్యుని వద్దకు ఎప్పుడు పోవలెను, అక్కడ ఏ పరీక్షలు చేయుదురు, వాని ఫలితములను ఎట్లు అర్థము చేసికొనవలెను అనునవి మాత్రము మనము తెలిసికొనవచ్చును.

మొదట ఒక మాట. విరేచనములు అనునది ఒక వ్యాధి పేరు కాదు, వ్యాధి చూపు గుర్తు మాత్రమే. కుక్కకు విరేచనము కాగానే వైరస్ సోకినదని బెదరిపోనక్కరలేదు. నిన్నటి విందులో మిగిలిన పులుసన్నము పెట్టినను, పాలు మార్చినను, పెంటమీద ఏదో నాకి వచ్చినను కడుపు చెడును. ఎదిగిన కుక్క, హుషారుగా తిరుగుచు, నీళ్ళు త్రాగుచు, ఒకటి రెండు మారులు పలుచగా విసర్జించినచో ఒక దినము తేలికయైన ఆహారము పెట్టి గమనించవచ్చును. కాని ఆరు మాసములలోపు పిల్ల, అందునను టీకాలు పూర్తి కానిది, తిండి ముట్టక, మూలకు చేరి, వాంతులతోపాటు విరేచనములు మొదలు పెట్టినచో అది వేరు సంగతి. విరేచనములో నెత్తురు కనిపించినచో రేపు చూతమనుటకు వీలులేదు. ఆ పూటనే వైద్యునికి చూపవలెను.

ఇట్టి పిల్లలలో వైద్యునికి మొట్టమొదట కలుగు అనుమానము పార్వో వైరస్. లాటిను భాషలో పార్వస్ అనగా చిన్నది. పేరుకు తగినట్లు దాని వ్యాసము సుమారు 25 నానోమీటర్లు. అట్టివి 40,000 ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవగును. ఇంత చిన్న పదార్థము 1978 వరకు కుక్కల లోకమునకు ఇంచుమించు తెలియనిదే. ఆ సంవత్సరము పలు దేశములలో ఒక్కమారుగా కుక్కలు నెత్తురు విరేచనములతో పడిపోసాగినవి. రెండేండ్లలో అది ప్రపంచమంతట వ్యాపించినది. ఏ కుక్కకును అప్పటికి దానిని ఎదుర్కొను శక్తి లేకపోవుటచే చిన్నపిల్లలే కాదు, పెద్ద కుక్కలును మరణించినవి. మన దేశములో 1980ల ఆరంభము నాటికే ఈ వ్యాధి గుర్తింపబడినది.

ఇది ఎక్కడనుండి వచ్చినది? పిల్లులకు పాన్‌ల్యూకోపీనియా అను ప్రాణాంతక వ్యాధి చిరకాలముగా ఉన్నది. ఆ వ్యాధి వైరస్‌కును, కుక్కల పార్వో వైరస్‌కును పోలిక చాల దగ్గర. పైపొరలోని మాంసకృత్తులో కొద్దిపాటి మార్పులు కలుగుటచే, పిల్లులకో వాని బంధువర్గమునకో చెందిన ఒక వైరస్ కుక్క కణములలో ప్రవేశించు నేర్పు సంపాదించినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. కుక్కలకు వేరే టీకా సిద్ధమగు వరకు పిల్లుల టీకానే కుక్కలకు వేసి కొంత రక్షణ కల్పించినారు. తరువాత ఈ వైరస్ మరికొంత మారినది. 2-ఎ, 2-బి, 2-సి అను రూపములు వరుసగా బయలుదేరినవి. 2-సి రూపమును 2000లో ఇటలీలో గుర్తించినారు. ఈ మూడును మన దేశములో కనిపించినవి. 1967లో కుక్కలలోనే వేరొక పార్వో వైరస్ కనుగొనబడినందున దీనికి రెండవ సంఖ్య వచ్చినది.

ఇది పేగులను పట్టు విధమును మన రైతుకు తెలిసిన పోలికతో చెప్పవచ్చును. పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. పైరు నాటిన పొలమువలె దానినిండ సన్నని అంకురములు నిలిచి ఉండును. తిన్న ఆహారములోని సారమును, నీటిని పీల్చుకొనునవి ఇవియే. ఈ అంకురముల కొనలందలి కణములు కొన్ని దినములకు అరిగి రాలిపోవును. వాని స్థానమున క్రొత్తవి రావలెను కదా! అంకురముల మొదళ్ళయందలి చిన్న గుంటలలో క్రొత్త కణములు నిరంతరము పుట్టి పైకి ప్రాకుచుండును. ఆ గుంటలు పేగునకు నారుమళ్ళు. పార్వో వైరస్‌కు తనంతట తాను వృద్ధి పొందు సామగ్రి లేదు. రెండుగా చీలుటకు సిద్ధముగా ఉన్న కణములోని సామగ్రినే అది వాడుకొనవలెను. కనుక అది నేరుగా నారుమడిమీద పడును. నారు చచ్చిన పిదప పొలములోని పైరు ఎన్నాళ్ళు నిలుచును? అంకురములు కూలిపోవును, గోడ బయటపడును, నీరును లవణములును నెత్తురును కారిపోవును.

అపాయము అంతటితో ఆగదు. వేగముగా చీలు కణములు ఎముకల మూలుగలోను, లింఫు గ్రంథులలోను కూడ ఉన్నవి. నెత్తురులోని తెల్ల కణములు పుట్టు చోట్లు అవియే. వైరస్ వానిని గూడ ధ్వంసము చేయును. ఒక వైపు కోటగోడ కూలినది, మరియొక వైపు కోటలోని సైన్యము నశించినది. పేగులో సహజముగా నివసించు బాక్టీరియాలు ఆ గండిలోనుండి నెత్తురులో ప్రవేశించును. పిల్ల మరణించుటకు కారణము పెక్కు పర్యాయములు వైరస్ ఒక్కటియే కాదు. నీరు పోవుటయు, ఈ బాక్టీరియాల దాడియు కలసి ప్రాణము తీయును. వైరస్ వ్యాధికి ఆంటీబయాటిక్ ఏల ఇచ్చుచున్నారని కొందరు సందేహించుట కలదు. దానికి సమాధానము ఇదియే.

విరేచనములు కలిగించు తక్కిన వైరస్‌లు పార్వో అంతటి క్రూరమైనవి కావు. 1971లో జర్మనీలోని సైనిక కాపలా కుక్కలలో ఒక కరోనా వైరస్ కనుగొనబడినది. ఇది మనుష్యులకు 2020లో అంత కష్టము తెచ్చిన కరోనా వైరస్ కాదు. ఆ కుటుంబములోనిదే వేరొక శాఖ. ఇది అంకురముల కొనలను మాత్రము తినివేయును. నారుమడి క్షేమముగా ఉండుటచే పైరు మరల త్వరలో పచ్చబడును. అందుచే చాల కుక్కలు కొద్ది దినములలో కోలుకొనును. పసిపిల్లలలో కనిపించు రోటా వైరస్ విషయమును ఇంచుమించు ఇట్టిదే. అయితే బలహీనమైన పిల్లకు కరోనా, పార్వో రెండును ఒక్కమారు సోకినచో బాధ తీవ్రమగును.

డిస్టెంపర్ అను వ్యాధి వీనికన్న పురాతనమైనది. దానికి వైరస్ కారణమని 1905లో ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు ఆన్రీ కారే చూపినాడు. మనుష్యుల తట్టు, పశువుల పెద్దరోగము కలిగించు వైరస్‌ల కుటుంబములోనిదే ఇదియును. పశువుల పెద్దరోగము ప్రపంచమునుండి పూర్తిగా తొలగిపోయినదని 2011లో ప్రకటించినారు. డిస్టెంపర్‌కు ఆ దినము ఇంకను రాలేదు. దీనిలో విరేచనములతోపాటు కండ్లనుండి ముక్కునుండి చీమిడి కారుట, దగ్గు, జ్వరము ఉండును. కొన్నింటికి అరికాళ్ళ మెత్తలు గట్టిపడును. కొన్ని వారముల తరువాత దవడ అదరుట, మూర్ఛలు వచ్చుటయు కలదు. కనుక విరేచనముల పిల్లను చూపునప్పుడు కన్ను, ముక్కు సంగతిని గూడ వైద్యునికి చెప్పుట మరువరాదు. ఇవి గాక ఆస్ట్రో వైరస్, నోరో వైరస్, 2012లో కుక్కలలో మొదట వెల్లడియైన సర్కో వైరస్ మొదలగునవి నూతన పరీక్షలవలన బయటపడినవి. ఆరోగ్యముగా ఉన్న కుక్కల మలములోను ఇవి కనిపించుట కలదు. కనుక ఇవి కనిపించినంత మాత్రమున రోగకారణము ఇవియే అని తీర్పు చెప్పుటకు వీలుపడదు.

ఇక రోగనిర్ణయమునకు వత్తము. నెత్తురు విరేచనమును, దాని దుర్వాసనను బట్టియే ఇది పార్వో అని చెప్పగలమని కొందరు అనుభవజ్ఞులు ధీమాగా అందురు. వాసన అనుమానమునకు ఆధారము కావచ్చును గాని నిర్ణయమునకు చాలదు. కొంకిపురుగులు ఎక్కువయినను పిల్లకు నెత్తురు విరేచనములు అగును. జియార్డియా, కాక్సిడియా వంటి ఏకకణ జీవులు పేగులలో చేరినను విరేచనములగును. బంతి ముక్కయో, మామిడి టెంకయో మ్రింగి పేగు అడ్డుపడినను వాంతులు ఆగవు. ఎలుకల మందు తిన్నను నెత్తురు పడవచ్చును. పేగులో ఒక భాగము ప్రక్క భాగములోనికి దూరి బిగిసికొనుట మరియొక ప్రమాదము. వీనిలో పురుగులకు మందు ఉన్నది. అడ్డుపడిన పేగునకు శస్త్రచికిత్స కావలెను. అన్నింటికి పార్వో అను ఒక్క పేరు పెట్టి కూర్చున్నచో, బ్రతుకవలసిన పిల్ల చచ్చును.

కనుక వైద్యుడు మెట్టు మెట్టుగా నడచును. మొదటి మెట్టు ప్రశ్నలు. పిల్ల వయస్సు ఎంత? టీకాలు ఏ తేదీలలో వేయించినారు? పురుగుల మందు ఎప్పుడు పట్టించినారు? ఇంటికి వచ్చి ఎన్ని దినములయినది? పార్వో సోకినది మొదలు లక్షణములు కనిపించుటకు సాధారణముగా మూడు దినములనుండి వారము, అరుదుగా రెండు వారములు పట్టును. కొన్న మూడవనాడే జబ్బుపడిన పిల్ల ఆ వ్యాధిని బహుశః వెనుకటి చోటనుండియే తెచ్చినదని దీనివలన ఊహించవచ్చును. రెండవ మెట్టు శరీర పరీక్ష. వైద్యుడు మెడమీది చర్మమును వ్రేళ్ళతో పైకెత్తి విడుచును. అది వెంటనే సర్దుకొనక మడతగా నిలిచినచో ఒంటిలో నీరు తగ్గినదని అర్థము. చిగుళ్ళు తడి ఆరి, పాలిపోయి ఉన్నవా అని చూచును. పొట్టను తడవి పేగులలో గడ్డవంటిదేమైన తగులునేమో పరిశీలించును.

మూడవ మెట్టు మలమును సూక్ష్మదర్శినిలో చూచుట. ఇది ఖర్చు తక్కువ, ఉపయోగము ఎక్కువ. పురుగుల గ్రుడ్లు, ఏకకణ జీవులు ఇందులో కనిపించును. కాని ఒక హెచ్చరిక. గ్రుడ్లు కనిపించినవి గనుక వైరస్ లేదనుటకు వీలులేదు. మన ప్రాంతపు పిల్లలలో రెండును కలసి ఉండుట సామాన్యమే.

నాలుగవ మెట్టు నేడు పెక్కు వైద్యశాలలలో దొరకు పార్వో కిట్టు. మలమును కొద్దిగా దూదిపుల్లతో తీసి, ఒక ద్రవములో కలిపి, రెండు మూడు చుక్కలు కిట్టుమీద వేయుదురు. అందులో వైరస్‌ను పట్టుకొను ప్రతిరక్షకములు పూసి ఉండును. మలములో వైరస్ ఉన్నచో పది పదిహేను నిమిషములలో రంగుగీత పైకి తేలును. జబ్బు లక్షణములు ఉన్న పిల్ల విషయములో ఈ గీత వచ్చినచో దానిని చాలవరకు నమ్మవచ్చును. టీకా వేసిన కొద్ది దినములకు, టీకాలోని బలహీనపరచిన వైరస్ మలములో బయటపడి, అరుదుగా సన్నని గీత తెప్పించుట కలదు. అందుకే టీకా తేదీ చెప్పవలెను.

గీత రానప్పుడే అసలు చిక్కు. గీత లేదు కనుక పార్వో లేదని సంతోషించి పిల్లను ఇంటికి తీసికొనిపోవు వారు కలరు. ఇది పొరపాటు. వైరస్ మలములో సమృద్ధిగా ఉండునది కొద్ది దినములే. మరీ ముందు పరీక్షించినను, మరీ ఆలస్యముగా పరీక్షించినను కిట్టునకు అందదు. విరేచనము నీళ్ళవలె అగుటచే వైరస్ పలుచబడవచ్చును. పిల్ల శరీరములో పుట్టిన ప్రతిరక్షకములు వైరస్‌ను ముందే చుట్టివేసినచో కిట్టు దానిని పట్టజాలదు. కనుక లక్షణములు గట్టిగా ఉండి గీత రానిచో, వైద్యుడు పిల్లను వేరుగానే ఉంచి, చికిత్స సాగించుచు, మరునాడో ఆ మరునాడో తిరిగి పరీక్షించును. ఉన్నదని చెప్పు జవాబు బలమైనది, లేదని చెప్పు జవాబు బలహీనమైనది. ఈ ఒక్క వాక్యము శ్రోతలు జ్ఞాపకముంచుకొన్నను చాలును.

ఐదవది నెత్తురు పరీక్ష. ఆరోగ్యముగల కుక్క నెత్తురులో ఒక మైక్రోలీటరుకు సుమారు 6,000 నుండి 17,000 వరకు తెల్ల కణములు ఉండును. పార్వోలో ఈ సంఖ్య 2,000కు లోపడిపోవుట కలదు. అన్ని పిల్లలలోను ఇట్లు తగ్గవలెనను నియమము లేదు. అయినను తగ్గినచో అది గట్టి ఆధారము. అంతేకాదు, రెండు మూడు దినములకు తిరిగి లెక్కించినప్పుడు సంఖ్య పెరుగుచున్నచో పిల్ల గట్టెక్కుచున్నదని వైద్యునికి ధైర్యము కలుగును. చక్కెర, పొటాషియము ఎంత తగ్గినవో గూడ నెత్తురువలన తెలిసి, ఎక్కించు సెలైనులో ఏమి కలుపవలెనో తేలును. పేగు అడ్డుపడినదను సందేహము ఉన్నచో ఎక్స్‌రేయో, అల్ట్రాసౌండో తీయుదురు.

పరిశోధనశాలలలో జరుగు పరీక్షలు మరికొన్ని కలవు. వానిలో ఒకటి చూచుటకు ముచ్చటైనది. పార్వో వైరస్‌కు పంది నెత్తురులోని ఎర్ర కణములను ఒకదానితో ఒకటి అంటించు గుణము ఉన్నది. చిన్న చిన్న గుంటలుగల పళ్ళెములో ఆ ఎర్ర కణములను, మలమునుండి తీసిన ద్రవమును కలిపి చల్లగా ఉంచుదురు. వైరస్ లేనిచో కణములు అడుగునకు జారి బొత్తామువలె ఎర్రని చుక్కగా నిలుచును. వైరస్ ఉన్నచో ఒండొంటిని పట్టుకొని వలవలె పరచుకొనును. ద్రవమును రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలుగా పలుచన చేయుచు ఎంతవరకు వల కనిపించునో చూచి వైరస్ ప్రమాణమును లెక్కగట్టుదురు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో వైరస్‌ను కంటితో చూచుట మరియొక విధానము. కరోనా వైరస్ తొలుత తెలిసివచ్చినది ఇట్టి పద్ధతులవలననే.

నేడు అన్నింటికన్న సూక్ష్మమైనది పి.సి.ఆర్. పరీక్ష. వైరస్ వారసత్వ పదార్థములో ఒక తునకను ఎన్నుకొని, దానిని మరల మరల రెట్టింపు చేయుచు లక్షలకొలది ప్రతులుగా పెంచి పట్టుకొందురు. కిట్టునకు అందని స్వల్పమాత్రము గూడ దీనికి అందును. ఏ రూపపు పార్వోయో, కరోనాయో, డిస్టెంపరో వేరు వేరుగా చెప్పుటకు వీలగును. కరోనా, డిస్టెంపర్ వైరస్‌లలోనిది ఆర్.ఎన్.ఏ. కావున దానిని మొదట డి.ఎన్.ఏ.గా మార్చి ఆపై పరీక్షింతురు. డిస్టెంపర్ అనుమానమున్నచో కంటి పొరనుండియు నమూనా తీయుదురు. ఇంతటి సూక్ష్మ పరీక్షకును తీర్పు చెప్పు అధికారము పూర్తిగా లేదు. టీకా వైరస్ అణుమాత్రము ఉన్నను అది పట్టుకొనగలదు. పరీక్ష ఫలితమును పిల్ల స్థితితో జోడించి చదువువాడే వైద్యుడు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము, హైదరాబాదు రాజేంద్రనగరములోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము వంటి సంస్థలలో ఈ శాస్త్రమును బోధించుచున్నారు.

పార్వోను చంపు మందు వాడుకలో లేనప్పుడు దాని పేరు తెలిసి ప్రయోజనమేమి అని శ్రోతలలో ఎవరైన అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. పేరు తెలిసినచో నాలుగు నిర్ణయములు ఒక్కమారు తేలును. ఈ పిల్లను ఒక పూట మందుతో పంపివేయుటయా, దినములకొలది సెలైను ఎక్కించుటయా అనునది మొదటిది. ఇంటిలోని తక్కిన కుక్కలను వేరుచేసి వాని టీకాలను సరిచూచుట రెండవది. ఇంటిని ఏ ద్రవముతో కడుగవలెనో తెలియుట మూడవది. క్రొత్త పిల్లను మరల ఎప్పుడు, ఏ జాగ్రత్తలతో తేవచ్చునో తేలుట నాలుగవది. డిస్టెంపర్ వైరస్ ఎండకు, సబ్బునీటికి త్వరలో నశించును. పార్వో అట్లు కాదు. నీడ పట్టున మాసములకొలది, ఒక్కొకచో ఏడాది వరకు నిలువగలదు. చెప్పులకు, చేతులకు, బట్టలకు అంటుకొని వీధులు దాటును. కుక్క గడప దాటకున్నను రోగము గడపలోనికి రాగలుగుట ఇందువలననే.

చికిత్స సంగతి సంక్షేపముగా చెప్పుదును. పోయిన నీరును లవణములును రక్తనాళముద్వారా తిరిగి ఇచ్చుట, వాంతులు ఆపుట, బాక్టీరియాలను అరికట్టుట, వాంతులు తగ్గినకొలది కొద్ది కొద్దిగా ఆహారము పెట్టుట దీని ముఖ్యాంగములు. ఇట్లు చేసినచో నారుమడి మరల మొలకెత్తువరకు పిల్ల ప్రాణము నిలుచును. అమెరికాలో 2023లో పార్వోను నేరుగా అడ్డగించు ప్రతిరక్షకపు సూదిమందునకు షరతులతో అనుమతి ఇచ్చినారు. సరియైన చికిత్స వెంటనే దొరకిన పిల్లలలో పదింట ఎనిమిది తొమ్మిది బ్రతుకును. ఏమియు చేయక వదలినచో పదింట తొమ్మిది పోవును. ఈ రెండు లెక్కల నడుమ ఉన్నది ఒకటి రెండు దినముల కాలము మాత్రమే.

ఆ కాలములో ఇంటివారు చేయరాని పనులు కలవు. మనుష్యులు వాడు విరేచనముల మాత్రలను, జ్వరపు మాత్రలను కుక్కకు వేయరాదు. వానిలో కొన్ని కుక్కకు విషతుల్యములు. ఆగక వాంతి చేసికొనుచున్న పిల్లకు బలవంతముగా నీళ్ళు, మజ్జిగ, కషాయములు పోయరాదు. చేయవలసిన పనులు సులభమైనవే. మలమును కొద్దిగా శుభ్రమైన చిన్న డబ్బాలో తీసికొనిపోవలెను. ఎన్ని గంటలకు ఏమి జరిగినదో ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. విరేచనముల పిల్లను తెచ్చుచున్నామని వైద్యశాలకు ముందే తెలిపి, అక్కడ నేలమీద విడువక, చేతులలోనే ఉంచుకొనవలెను. ప్రక్కనున్న పిల్లలు గూడ ఎవరివో కదా!

ఇల్లు కడుగుటలో ఫినాయిలును నమ్ముకొనరాదు. మలమును పూర్తిగా ఎత్తివేసి, సబ్బునీటితో కడిగి, ఆపైన బట్టల తెలుపునకు వాడు హైపోక్లోరైటు ద్రావణము ఒక పాలు, నీరు 30 పాళ్ళు కలిపి పోసి, పది నిమిషములు తడిగా ఉంచవలెను. దానితో ఆమ్లములను కలుపరాదు. గిన్నెలు, గొలుసు, నేల అన్నియు ఇట్లే శుద్ధి చేయవలెను. పాత చాపలను, గోనెలను కాల్చివేయుట మేలు. కోలుకొన్న పిల్లను గూడ రెండు వారముల వరకు ఇతర కుక్కలతో కలుపరాదు. ఈ వైరస్ మనుష్యులకు సోకదు. మనుష్యులకు వచ్చు పార్వో వైరస్ వేరొకటి ఉన్నది. అయినను చేతులు కడుగుకొనుట అవసరము. పురుగులు, బాక్టీరియాలు మనకును సోకవచ్చును.

టీకానుగూర్చి ఒక సందేహము తీర్చి ముగింతును. టీకా వేయించితిమి, అయినను పార్వో వచ్చినదని కొందరు నిష్ఠురమాడుదురు. పుట్టిన మొదటి దినమున త్రాగిన ముర్రుపాలవలన తల్లి ప్రతిరక్షకములు పిల్లకు చేరును. అవి పది దినములకొకమారు సగమగుచు క్రమముగా తగ్గును. అవి ఉన్నంతకాలము టీకాలోని వైరస్‌ను గూడ శత్రువనుకొని హరించును. అవి రోగమును ఆపలేనంతగా తగ్గియు, టీకాను చెడగొట్టునంతగా మిగిలియు ఉన్న కొద్ది దినముల సంధికాలము ప్రతి పిల్లకును ఉండును. అది ఏ పిల్లకు ఎప్పుడో పైకి చూచి చెప్పజాలము. అందువలననే ఆరు లేక ఎనిమిది వారముల వయస్సున ప్రారంభించి, రెండు నుండి నాలుగు వారములకొక మారు, పదునారు వారములు నిండు వరకు టీకా వేయుదురు. ఆ తరువాత ఏడాదిలోపల మరియొకటి, అటుపై వైద్యుడు చెప్పినట్లు. మొదటి సూదితోనే పని తీరినదనుకొని మానివేయుట, పొలమునకు మూడువైపులనే కంచె వేసి నాలుగవ వైపు విడుచుట వంటిది. పదునారు వారములు నిండువరకు పిల్లను వీధిలోను, సంతలోను, టీకాలు లేని కుక్కల నడుమను నేలమీద తిప్పరాదు.

కుక్కపిల్లను కొనునప్పుడు జాతి, రంగు, చెవుల వాటము విచారింతుము. టీకా చీటి ఉన్నదా, తల్లికి టీకాలు వేసినారా, పురుగుల మందు పట్టించినారా అని విచారించువారు తక్కువ. ఆ మూడు ప్రశ్నలు ముందు వేయుడు. చీటిని ఇంటి పత్రములతో భద్రపరచుడు. ఏ రాత్రియో పిల్ల అన్నము ముట్టక, వాంతి చేసికొని, కాళ్ళవద్ద పడుకొని మీ ముఖము చూచిన పక్షమున, తెల్లవారనిమ్మని అనుకొనక, ఆ చీటి తీసికొని బయలుదేరుడు.